పేరు ఒక దేశంలో, జీతం మరో దేశంలో

మా వీధి చివర ఉన్న స్కూలు మైదానంలో వారానికి నాలుగు సాయంత్రాలు నేను ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను. మొన్న ఆట ముగిశాక ఒక అమ్మాయి తండ్రి గేటు దగ్గర ఆగి, "మేడమ్, మా పాప బాగా ఆడుతోందని మీరే అంటున్నారు కదా, ఫారిన్ క్లబ్బులకు ఆడే స్థాయికి వస్తే దీంతోనే బతకగలదంటారా?" అని అడిగారు. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చలేక, వచ్చే వారం కూర్చుని మాట్లాడుకుందామండీ అన్నాను. ఆయనకు చెప్పదలచుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఈ విషయం చెప్పడానికి అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి డయానా టౌరాసి జీవితాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడదు.

నేను ఆడిన రోజుల్లో మాకు తెలిసిన శిఖరం రైల్వే ఒక్కటే. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే, ఒళ్లు సహకరించినన్నాళ్లు ఆట, ఆ తరువాత పదవీ విరమణ దాకా కుర్చీ, జీతం, పింఛను. మోకాలు దెబ్బతినడంతో నేను ట్రయల్స్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను గానీ, ఆ దారిలో స్థిరపడినవాళ్లను చాలామందిని చూశాను. సదరన్ రైల్వేకు ఆడిన కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ 2006 నుంచి 2008 వరకు ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ క్లబ్బుకు ఆడిందని, 2011లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ఆమెను ట్రయల్స్‌కు పిలిచాయని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అక్కడ ఆమె ఎంపిక కాలేదు. అయినా మా మనసుల్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. అమెరికా చేరితే చాలు, ఇక డబ్బుకు కొదవ ఉండదని అనుకున్నాం. ఆ లెక్క ఎంత తప్పో టౌరాసి గురించి చదవడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

టౌరాసి 1982లో కాలిఫోర్నియాలో పుట్టింది. తండ్రి ఇటలీలో పుట్టి అర్జెంటీనాలో పెరిగినవాడు, తల్లి అర్జెంటీనా మనిషి. కనెక్టికట్ విశ్వవిద్యాలయం జట్టుతో 2002, 2003, 2004లలో వరుసగా మూడుసార్లు జాతీయ టైటిల్ గెలిచి, 2004 డ్రాఫ్టులో, అంటే లీగు జట్లు కొత్త క్రీడాకారిణులను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, అందరికంటే ముందుగా ఫీనిక్స్ మెర్క్యురీ జట్టుకు ఎంపికైంది. అదే ఏడాది ఏథెన్స్‌లో ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచింది. దేశం మొత్తంలో మొదటి ఎంపికైన ఆ క్రీడాకారిణికి ఆ సీజన్‌లో వచ్చిన జీతం దాదాపు 40 వేల డాలర్లు. అమెరికాలో ఒక బడి పంతులమ్మ కూడా ఇంచుమించు అంతే సంపాదించేది. డబ్ల్యూఎన్‌బీఏ 1997 వేసవిలో మొదలైనప్పటి నుంచి అది వేసవి లీగే, మగవాళ్ల ఎన్‌బీఏ సెలవులో ఉన్న నెలల్లో జరిగే ఆట. టౌరాసి చేరిన నాటికి సీజన్ నాలుగు నెలల పైచిలుకు, ఒక్కో జట్టుకు 34 మ్యాచులు. మిగిలిన నెలల్లో ఏం తినాలి? ఆ ప్రశ్నకు జవాబు రష్యాలో దొరికింది.

మన ఇళ్లలో పిల్లలు సంపాదన కోసం అమెరికా వెళతారు. అమెరికాలో పుట్టిన ఈ అమ్మాయిలు సంపాదన కోసం మాస్కోకు, ఇస్తాంబుల్‌కు, ఉరల్ పర్వతాల అవతలి ఊళ్లకు వెళ్లారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. "విదేశాల్లో ఆడటం" అంటే అదనపు ఆదాయమని, సరదాగా ఒక అనుభవమని అనుకునే నాకు, వాళ్లకు అసలు ఉద్యోగమే అదని, పేరు తెచ్చిన సొంత లీగు జీతం రీత్యా వేసవి పని లాంటిదని అర్థం కావడానికి కొంత కాలం పట్టింది.

టౌరాసి 2005లో డైనమో మాస్కోతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది స్పార్టక్ మాస్కో రీజియన్ జట్టులో చేరింది. ఆ క్లబ్బు యజమాని షబ్తాయ్ కల్మనోవిచ్. సోవియట్ గూఢచారిగా పనిచేసి, ఇజ్రాయెల్‌లో ఆ నేరానికే జైలు శిక్ష అనుభవించి, విడుదలయ్యాక రష్యాలో పెద్ద వ్యాపారిగా ఎదిగినవాడు. మహిళల బాస్కెట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. టౌరాసిని, ఆమె స్నేహితురాలు, తోటి అమెరికా క్రీడాకారిణి సూ బర్డ్‌ను లోపల ఈతకొలను ఉన్న పెద్ద ఇంట్లో ఉంచాడు, మ్యాచులకు ప్రత్యేక విమానాల్లో పంపాడు, గెలిస్తే కానుకలు కురిపించాడు. డబ్ల్యూఎన్‌బీఏ అన్ని జట్లకూ సీజన్ పొడుగునా ప్రత్యేక విమానాలు పెట్టింది 2024లో. అప్పటిదాకా ఆరడుగుల పైబడిన క్రీడాకారిణులు మామూలు విమానాల్లో, మోకాళ్లు ముందు సీటుకు ఆనించుకుని ప్రయాణించారు. దాదాపు ఇరవయ్యేళ్ల ముందే స్పార్టక్ వాళ్లకు ఆ మర్యాద ఇచ్చింది. స్పార్టక్ 2007 నుంచి 2010 దాకా వరుసగా నాలుగేళ్లు యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ అయిన యూరోలీగ్ గెలిచింది, ఆ నాలుగింటిలోనూ టౌరాసి ఉంది.

అయితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో చూడాలి. టిక్కెట్ల అమ్మకం నుంచి కాదు, టీవీ హక్కుల నుంచి అంతకన్నా కాదు. ఒక మనిషి జేబులోంచి వచ్చేది. 2009 నవంబరు 2న మాస్కో నడిబొడ్డున కారులో వెళుతున్న కల్మనోవిచ్‌ను దుండగులు కాల్చి చంపారు. జట్టు ఆ సీజన్ పూర్తిచేసి, మరుసటి వసంతంలో నాలుగో టైటిల్ గెలిచింది. ఆ టైటిల్ తరువాత టౌరాసి ఇంకక్కడ ఉండలేదు. నేను ఆ తండ్రికి మొట్టమొదట చెప్పదలచుకున్నది ఇదే. యూరప్‌లో మహిళల క్లబ్బు అంటే చాలా చోట్ల ఒక ధనికుడి అభిమానం, లేదా ఒక కంపెనీ ప్రతిష్ఠ, లేదా ఒక పురపాలక సంఘం బడ్జెట్. అది ఉన్నన్నాళ్లు రాజభోగం, పోయిన రోజున జట్టే ఉండకపోవచ్చు.

పాస్‌పోర్టు సంగతి కూడా చెప్పాలి. యూరప్ లీగుల్లో విదేశీయుల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి, ఇంకో దేశపు పౌరసత్వం ఉన్న క్రీడాకారిణికి గిరాకీ ఎక్కువ. సూ బర్డ్ తన తండ్రి యూదుడు కావడంతో 2006లో ఇజ్రాయెల్ పౌరసత్వం తీసుకుంది. మరో అమెరికా క్రీడాకారిణి బెకీ హామన్ 2008లో రష్యా పౌరసత్వం తీసుకుని, ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో రష్యా తరఫున ఆడి కాంస్యం గెలిచింది. పుట్టిన దేశపు జట్టులో చోటు దక్కక అలా చేసిందని అర్థం చేసుకోకుండా, ఆమెను అప్పట్లో చాలామంది తిట్టిపోశారు. నాకు మాత్రం ఆమె మీద ఇప్పటికీ గౌరవమే. దేశభక్తి పేరు చెప్పి ఒక క్రీడాకారిణి బతుకుతెరువును అడ్డుకోవడం సులువు, ఆమె ఇంటి అద్దె కట్టడానికి మాత్రం అలా మాట్లాడేవాళ్లెవరూ ముందుకు రారు.

2010లో టౌరాసి ఇస్తాంబుల్‌కు మారి ఫెనెర్‌బాచే క్లబ్బులో చేరింది. ఆ చలికాలంలో జరిగినది ఈ వృత్తిలోకి రావాలనుకునే ప్రతి అమ్మాయికీ, ఆమె తల్లిదండ్రులకూ తెలియాలి. ఒక మ్యాచు తరువాత ఇచ్చిన నమూనాలో మోడాఫినిల్ అనే మందు జాడలు ఉన్నాయని అంకారాలోని ప్రయోగశాల నివేదిక ఇచ్చింది. అది అతినిద్ర వంటి రుగ్మతలకు వాడే మందు, క్రీడల్లో నిషిద్ధం. తాను దాన్ని ఎన్నడూ వాడలేదని ఆమె మొదటి రోజు నుంచీ చెప్పింది. రెండో నమూనా కూడా పాజిటివ్ వచ్చిందన్నారు, తాత్కాలిక నిషేధం పడింది, క్లబ్బు ఒప్పందం రద్దు చేసింది, ఆమె అమెరికాకు తిరిగి వెళ్లిపోయింది. 2011 ఫిబ్రవరిలో ఆ ప్రయోగశాల తన నివేదికను వెనక్కి తీసుకుంది, నిషేధం ఎత్తేశారు. చేయని తప్పుకు దొంగ అనిపించుకుని గడిపిన ఆ వారాలను మాత్రం ఎవరూ ఆమెకు తిరిగి ఇవ్వలేరు.

ఆ నివేదికను నిలదీయడానికి ఆమెకు పేరుంది, డబ్బుంది, నిపుణులైన న్యాయవాదులున్నారు. అదే మూడో శ్రేణి క్లబ్బులో నెలకు కొద్ది వేల యూరోలకు ఆడుతూ, భాష తెలియని ఊళ్లో ఒంటరిగా ఉన్న ఇరవై మూడేళ్ల అమ్మాయికి ఇలా జరిగితే ఎలా ఉండేది? నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ ఊహే. ఎందుకంటే విదేశాల్లో ఆడేవాళ్లలో ఎక్కువమంది టౌరాసిలు కారు. క్లబ్బు ఇచ్చిన గదిలో ఉంటూ, ఇంటికి ఏడాదికి ఒక విమాన టిక్కెట్టుతో సరిపెట్టుకుంటూ, జీతం ఆలస్యమైతే ఎవరిని అడగాలో తెలియక ఎదురుచూసేవాళ్లే ఎక్కువ. జీతాలు ఎగ్గొట్టే క్లబ్బుల గొడవ ఎంత ముదిరిందంటే, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 2007లో జెనీవా కేంద్రంగా ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌నే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఒప్పందంలో వివాదాలు ఆ ట్రిబ్యునల్ ముందుకు వెళతాయనే షరతు రాసి ఉంటేనే అక్కడ తలుపు తెరుచుకుంటుంది. మా పిల్లల్లో ఎవరికైనా రేపు ఒక విదేశీ ఒప్పందం వస్తే, జీతం అంకె కంటే ముందు నేను వెతికేది ఆ ఒక్క వాక్యం కోసమే.

ఇంత జరిగాక టౌరాసి టర్కీ ముఖం చూడదనుకున్నారు. ఆమె మరుసటి సీజన్‌కే ఇస్తాంబుల్‌కు, అదీ ఫెనెర్‌బాచేకు బద్ధ శత్రువైన గలటసరాయ్ జట్టుకు వెళ్లింది. ఆ తరువాత 2012లో ఎకాటెరిన్‌బర్గ్. గనుల, లోహ పరిశ్రమల దిగ్గజ కంపెనీ నడిపే ఆ ఊరి జట్టు యూఎంఎంసీలో 2017 దాకా ఆడి, 2013లో, 2016లో మరో రెండు యూరోలీగ్ టైటిళ్లు గెలిచింది.

ఇప్పుడు ఆమె ఏడాది క్యాలెండరును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మే నుంచి సెప్టెంబరు దాకా అమెరికాలో ఆట, ఫైనల్స్‌కు చేరితే అక్టోబరు దాకా. నెల తిరక్కుండానే రష్యాకు విమానం. అక్కడ ఏప్రిల్ దాకా రష్యన్ లీగు, యూరోలీగ్, మధ్యలో గంటల కొద్దీ ప్రయాణాలు. అది ముగిసిన కొద్ది రోజులకే ఫీనిక్స్‌లో శిక్షణ శిబిరం. ఒలింపిక్స్ ఏడాదైతే మధ్యలో జాతీయ జట్టు. సెలవు అన్న మాటకు చోటే లేదు. నా ఒక్క మోకాలు విశ్వవిద్యాలయ స్థాయిలోనే నన్ను ఓడించింది. పదేళ్లపాటు ఇలా ఏడాదికి రెండు సీజన్లు ఆడిన కాళ్లు రాత్రిపూట ఎలా సలుపుతాయో కొంచెమైనా ఊహించగలను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం, పొద్దున లేవగానే పాదం నేల మీద మోపడానికి ఒక నిమిషం ఆగడం, ఐసు ముక్కల సంచి కట్టుకునే భోజనం చేయడం, ఇవి ఆటగాళ్ల ఇళ్లలోని వాళ్లకు మాత్రమే తెలిసే సంగతులు.

అందుకే 2015 ఫిబ్రవరిలో టౌరాసి తీసుకున్న నిర్ణయం నాకు తప్పుగా అనిపించలేదు. అంతకుముందు ఏడాదే ఫీనిక్స్‌కు మూడో టైటిల్ అందించిన ఆమె, రాబోయే డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ ఆడనని ప్రకటించింది. విశ్రాంతి తీసుకుని తమకు ఆడమని రష్యా క్లబ్బు అడిగింది. రష్యాలో ఆమెకు వచ్చేది సుమారు 15 లక్షల డాలర్లని అప్పటి వార్తలు చెప్పాయి. డబ్ల్యూఎన్‌బీఏలో అప్పుడు ఎవరికైనా ఇవ్వగల గరిష్ఠ జీతం దాదాపు 1 లక్షా 7 వేల డాలర్లు. అంటే ఆ వేసవి ఇంట్లో కూర్చోవడానికి పరాయి దేశపు క్లబ్బు ఇచ్చేది, సొంత దేశంలో ఆ వేసవంతా ఆడితే వచ్చేదానికంటే ఎక్కువ. ద్రోహమన్నవాళ్లున్నారు. ఒక ఉత్తమ క్రీడాకారిణి ఆడకుండా ఉండటానికి కూడా తన ఆటకంటే ఎక్కువ విలువ పలికితే, అందులో లోపం ఆమెది కాదు, ఆ వేసవి లీగుది. మరుసటి ఏడాది ఆమె తిరిగొచ్చి, మరో తొమ్మిది సీజన్లు ఆడింది. 2023 ఆగస్టు 3న, 41 ఏళ్ల వయసులో, ఒకే మ్యాచులో 42 పాయింట్లు చేసి, ఆ లీగులో 10 వేల పాయింట్లు దాటిన మొదటి క్రీడాకారిణి అయింది. 2025 ఫిబ్రవరిలో విరమించే నాటికి ఆమె మొత్తం 10,646. ఆ వేసవి విశ్రాంతి లేకపోతే ఇంత కాలం నిలిచేదా అన్నది నా అనుమానం.

విశ్రాంతి దొరకని వాళ్లకు ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో హంగరీలోని షోప్రోన్ పట్టణంలో అందరూ చూశారు. అంతకు ముందు ఏడాది డబ్ల్యూఎన్‌బీఏ అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచిన బ్రీయానా స్టువర్ట్, డైనమో కుర్స్క్ తరఫున యూరోలీగ్ ఫైనల్ ఆడుతూ, షాటు వేసి దిగేటప్పుడు కుడి మడమ వెనుక స్నాయువు తెగి కూలిపోయింది. ఆ వేసవి అమెరికా సీజన్ మొత్తం ఆమె లేకుండానే గడిచింది.

ఆ తరువాత 2022 ఫిబ్రవరి 17. టౌరాసి ఫీనిక్స్ సహచరి, ఆమె వెళ్లిపోయాక కూడా యూఎంఎంసీలోనే కొనసాగిన బ్రిట్నీ గ్రైనర్, మాస్కో షెరెమెత్యెవో విమానాశ్రయంలో దిగింది. సామానులో గంజాయి నూనె ఉన్న వేప్ గొట్టాలు దొరికాయి. ఒక గ్రాము కూడా లేని ఆ నూనెకు రష్యా కోర్టు ఆగస్టు 4న తొమ్మిదేళ్ల శిక్ష వేసింది. ఈలోగా ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలై, ఆమె తోటి విదేశీ క్రీడాకారిణులు రష్యా వదిలిపోయారు. రష్యాలోని మోర్డోవియా ప్రాంతపు జైలు శిబిరంలో గడిపిన గ్రైనర్‌ను డిసెంబరు 8న, విక్టర్ బౌట్ అనే ఆయుధాల వ్యాపారికి బదులుగా, అబూధాబీ విమానాశ్రయంలో అప్పగించారు. ఆమె చేసిన పొరపాటు పొరపాటే, దాన్ని ఆమె కూడా కోర్టులో ఒప్పుకుంది. కానీ ఏటా చలికాలం ఆమె అక్కడికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్న ప్రశ్న ఆ పది నెలల్లో తొలిసారి అమెరికాలో మామూలు జనం నోట వినబడింది.

లీగు మారలేదని కాదు. 2020 ఒప్పందంలో గరిష్ఠ జీతం 2 లక్షల 15 వేల డాలర్లకు పెరిగింది, ప్రసూతి సెలవులో పూర్తి జీతం వచ్చింది. దాంతోపాటే విదేశీ సీజన్ ముగించుకుని ఆలస్యంగా వచ్చే అనుభవజ్ఞులకు 2023 నుంచి జరిమానా, 2024 నుంచి ఏకంగా ఆ సీజన్ నుంచి సస్పెన్షన్ అనే నిబంధన కూడా వచ్చింది. రెండో తలుపు పూర్తిగా తెరవకముందే మొదటి తలుపు మూయడం నాకు న్యాయంగా తోచలేదు. 2025 జనవరిలో స్టువర్ట్, నఫీసా కాలియర్ కలిసి మయామీలో అన్‌రైవల్డ్ అనే చలికాలపు లీగు ప్రారంభించి, సొంత దేశంలోనే ఉంటూ సంపాదించే దారి చూపాక గానీ నా మనసు కొంత కుదుటపడలేదు.

విడుదలయ్యాక గ్రైనర్ 2023లో మాట్లాడుతూ, ఇక విదేశాల్లో ఆడనని, దేశం తరఫున ఒలింపిక్స్‌కు తప్ప వెళ్లనని చెప్పింది. 2024 ఆగస్టు 11న పారిస్‌లో ఆ మాట నిలబెట్టుకుంటూ అమెరికా జట్టులో ఉంది. ఆరో ఒలింపిక్ స్వర్ణం కోసం వచ్చిన టౌరాసి ఆ ఫైనల్లో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా ఫ్రాన్స్, వాళ్ల జట్టులో గాబీ విలియమ్స్. నెవాడాలో పుట్టి, టౌరాసి చదివిన కనెక్టికట్‌లోనే చదివి, తల్లి దేశమైన ఫ్రాన్స్‌కు ఆడుతూ, యూరప్ క్లబ్బుల సీజన్‌కూ అమెరికా లీగు కొత్త నిబంధనకూ మధ్య నలిగిన క్రీడాకారిణి ఆమె.

ఆ చివరి క్షణాలను నేను మా పిల్లలకు ఫోనులో ఆపి ఆపి చూపిస్తుంటాను. స్కోరు అమెరికా 67, ఫ్రాన్స్ 64. గడియారం అయిపోతుండగా విలియమ్స్ బంతి అందుకుని, పరుగు ఆపకుండానే రింగు వైపు ఎత్తి వేసింది. బంతి బోర్డుకు తగిలి లోపల పడింది. మూడు పాయింట్లయితే స్కోరు సమం, అదనపు సమయం. అంపైరు రెండు వేళ్లే చూపించాడు. ఆమె బూటు ముందుభాగం మూడు పాయింట్ల గీత మీద ఉంది. 67–66. ప్రతిసారీ ఆ చోట పిల్లలు నా చేతిలోంచి ఫోను లాక్కుని, తెర మీద రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, ఆ కాలి కొన ఎక్కడుందో తామే చూసుకుంటారు. తరువాత చెప్పకుండానే లేచి వెళ్లి, మా సిమెంటు కోర్టు మీద సున్నంతో గీసిన ఆర్చీ బయట నిలబడి, కాళ్లు చూసుకుని మరీ షాట్లు వేస్తారు. ఆ తండ్రి కూతురు నిన్న సాయంత్రం చీకటి పడేదాకా అలా నలభై వేసింది, పదకొండు పడ్డాయి.